దీపస్తంభాల మీది రేడియోలు

1990ల మధ్యలో కాలిఫోర్నియాలోని సిలికాన్ వ్యాలీ ఊళ్లలో వీధి దీపాల స్తంభాల మీద చిన్న చిన్న డబ్బాలు కనిపించడం మొదలైంది. మెట్రికామ్ అనే కంపెనీ పెట్టిన రేడియోలవి. ఆ సేవ పేరు రికోషే. ల్యాప్‌టాప్‌కి ఒక మోడెమ్ తగిలించుకుంటే చాలు, ఫోను తీగతో పని లేకుండా పార్కులో కూర్చుని ఈమెయిల్ చూసుకోవచ్చు. వేగం సెకనుకు 28.8 కిలోబిట్లు. వైఫై ఇంకా పుట్టలేదు.

ఆ డబ్బాలకు కరెంటు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. అమెరికాలో వీధి దీపం నెత్తిన ఫొటోసెల్ ఒకటి ఉంటుంది. చీకటి పడితే దీపం వెలిగించేది, తెల్లారితే ఆర్పేది అదే. దాన్ని చేత్తో మెలితిప్పితే ఊడి వస్తుంది. రికోషే పనివాళ్లు దాన్ని తీసి, ఆ సాకెట్లో తమ అడాప్టర్ బిగించి, దాని పైన మళ్లీ ఫొటోసెల్‌ని పెట్టేసేవారు. దీపం తన పని తాను చేసుకుంటుంది, రేడియోకు ఇరవై నాలుగు గంటలూ కరెంటు అందుతుంది. కొత్త స్తంభం పాతనక్కర్లేదు, కొత్త లైను లాగనక్కర్లేదు. పదేళ్ల తర్వాత ఊరంతా వైఫై పరుస్తామని బయల్దేరిన చాలా నగరాలు ఈ చిట్కానే వాడుకున్నాయి.

రేడియోకు చోటు దొరికింది, కరెంటు దొరికింది. ఇక కావలసింది ఫ్రీక్వెన్సీ. అదీ ఉచితంగానే దొరికింది, కాకపోతే ఒక షరతు మీద. నగర వైర్‌లెస్ నెట్‌వర్కుల చరిత్ర చాలావరకు ఆ షరతు చుట్టూనే తిరిగింది. దాన్ని మొదటి రోజు నుంచీ లెక్కలోకి తీసుకున్నవాళ్లు నిలబడ్డారు. తర్వాత చూసుకుందామనుకున్నవాళ్లు చాలామంది చేతులెత్తేశారు.

1985 మే 9న అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ మూడు ఫ్రీక్వెన్సీ పట్టీలను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. అవి 902–928 మెగాహెర్ట్జ్, 2400–2483.5 మెగాహెర్ట్జ్, 5725–5850 మెగాహెర్ట్జ్. ఈ నిర్ణయం వెనక ఎఫ్‌సీసీలోనే ఇంజినీరుగా పనిచేస్తున్న మైకేల్ మార్కస్ పట్టుదల ఉంది. శత్రువు జామింగ్‌ను తట్టుకోవడానికి సైన్యాలు వాడే స్ప్రెడ్ స్పెక్ట్రమ్ పద్ధతి మామూలు జనానికీ అందాలని ఆయన వాదించాడు. ఇచ్చిన పట్టీలు అప్పటికి ఎవరూ పోటీపడి అడుగుతున్నవి కావు. 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతాన్ని 1947లోనే అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశం పరిశ్రమలు, ప్రయోగశాలలు, వైద్యంలో వాడే యంత్రాలకు వదిలేసింది. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది అక్కడే.

షరతులో రెండు భాగాలున్నాయి. లైసెన్సు లేని పరికరం ఇతరులకు హానికరమైన అంతరాయం కలిగించకూడదు. ఇతరుల వల్ల తనకు కలిగే అంతరాయాన్ని మాత్రం మాట్లాడకుండా భరించాలి. ఇంట్లో వాడుకునే రౌటర్‌కు ఇదో పెద్ద విషయం కాదు. పోలీసులకు, బడి పిల్లలకు, పేదల కాలనీలకు ఇంటర్నెట్ ఇస్తానని మాట ఇచ్చిన నగరపాలక సంస్థకు మాత్రం చాలా పెద్ద విషయం. ఆ పట్టీలో నగరం పెట్టిన రేడియోకు, దాని పక్కింట్లో ఎవరో కొనుక్కున్న రౌటర్‌కు హక్కులు సమానం.

రికోషే 900 మెగాహెర్ట్జ్ పట్టీలో ఒక ఛానెల్ నుంచి ఇంకో ఛానెల్‌కు దూకుతూ పనిచేసేది. ఒక ఛానెల్లో రొద ఉంటే తర్వాతి దాంట్లో మాట వినిపిస్తుంది. సాంకేతికంగా అది బాగానే నడిచింది. అప్పుల భారం మోయలేక 2001 వేసవిలో కంపెనీ దివాలా తీసి సేవ ఆపేసింది. కొన్ని వారాలకే సెప్టెంబరు 11 దాడులు జరిగాయి. మాజీ ఉద్యోగులు స్వచ్ఛందంగా వచ్చి, మూతపడిన నెట్‌వర్కును మాన్‌హటన్‌లో సహాయక సిబ్బంది కోసం మళ్లీ లేపారు.

ఒకే ఫ్రీక్వెన్సీలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా పోతుందన్నది అప్పటికి కొత్త సంగతి కాదు. 1971లో హవాయిలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపింది. ఆ అలోహా నెట్‌వర్కులో ఎవరికి కావలసినప్పుడు వాళ్లు పంపేవారు. ఢీకొంటే కాసేపాగి మళ్లీ పంపేవారు. ఆ పద్ధతిలో ఎంత తంటాలు పడ్డా ఛానెల్ సామర్థ్యంలో 18 శాతం మించి పనికిరాదని లెక్క తేలింది. మాట్లాడే ముందు విను అన్నది తర్వాత వచ్చిన పద్ధతి. దానికీ ఒక చిక్కుంది. ఫువాద్ తొబాగి, లియోనార్డ్ క్లైన్‌రాక్ 1975లోనే దాన్ని విడమరిచి చెప్పారు. మధ్యలో ఉన్న స్టేషన్‌కు అటూ ఇటూ ఉన్న ఇద్దరు ఒకరికొకరు వినిపించకపోవచ్చు. ఇద్దరూ విని, నిశ్శబ్దంగా ఉందనుకుని, ఒకేసారి మాట్లాడతారు. మధ్యవాడికి ఒక్క ముక్కా అర్థం కాదు.

1997లో వచ్చిన వైఫై ప్రమాణం ఈ మాట్లాడే ముందు వినే పద్ధతి మీదే కట్టింది. 1999లో దాని తర్వాతి రూపం 802.11బి వచ్చింది. అదే ఏడాది ఆపిల్ తన ఐబుక్ ల్యాప్‌టాప్‌ను దీన్ని అమర్చుకునే వీలుతో అమ్మింది. అక్కడి నుంచి ఇళ్లలోకి రౌటర్లు వరదలా వచ్చాయి. అమెరికాలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఛానెళ్లు 11. ఒక్కో దానికీ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్. ఒక్కో సిగ్నల్ వెడల్పు మాత్రం 22 మెగాహెర్ట్జ్. అంటే ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగేవి 1, 6, 11 మూడే. 2005లో కార్నెగీ మెలన్ పరిశోధకులు అమెరికా నగరాల్లో రౌటర్ల సమాచారం పరిశీలించి, చాలావి కంపెనీ పెట్టి పంపిన ఛానెల్‌లోనే ఉండిపోయాయని చూపించారు. ఎక్కువగా కనిపించింది 6. మార్చుకోవాలని కొనుక్కున్నవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

నగరాల్లో ఆశలు ఆకాశాన్నంటింది సరిగ్గా ఈ కాలంలోనే. 2004లో ఫిలడెల్ఫియా మేయర్ జాన్ స్ట్రీట్ తన నగరంలోని 135 చదరపు మైళ్లనూ వైఫైతో కప్పేస్తానని ప్రకటించాడు. ఫోను కంపెనీలు ఊరుకోలేదు. ఆ ఏడాది చివరికి పెన్సిల్వేనియా రాష్ట్రం నగరాలు సొంతంగా ఇంటర్నెట్ అమ్మకుండా చట్టం తెచ్చింది. ఫిలడెల్ఫియాకు మాత్రం వెసులుబాటు దొరికింది. 2005లో ఎర్త్‌లింక్ కంపెనీని ఎంచుకున్నారు. కట్టే ఖర్చంతా కంపెనీదే, స్తంభాలు నగరానివి. పేద కుటుంబాలకు నెలకు 9.95 డాలర్లకే కనెక్షన్. శాన్‌ఫ్రాన్సిస్కో ఎర్త్‌లింక్‌తో, గూగుల్‌తో కలిసి ఇలాంటి పథకమే వేసింది. తైవాన్‌లో తైపే నగరం వేల యాక్సెస్ పాయింట్లతో ముందే బయల్దేరింది.

స్తంభాల మీదికి ఎక్కించిన పరికరాలు చాలాచోట్ల ట్రోపోస్ కంపెనీవి. ఒక రేడియో పక్క స్తంభం మీది రేడియోకు, అది ఆ తర్వాతి దానికి సమాచారం అందిస్తూ, చివరికి తీగ ఉన్న చోటికి చేరుస్తాయి. దీన్ని మెష్ అంటారు. అన్ని స్తంభాలకూ కేబుల్ లాగే ఖర్చు తప్పడం ఇందులోని ఆకర్షణ. నష్టం కూడా అందులోనే ఉంది. ఒకే రేడియోతో, ఒకే ఛానెల్లో విని మళ్లీ చెప్పాలంటే ప్రతి అంగలోనూ వేగం తరిగిపోతుంది. పైగా ఆ స్తంభం చెప్పే ప్రతి మాటా చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లకు అంతరాయమే.

అసలు చిక్కు ఎత్తులో ఉంది. సంతలో బండి మీదెక్కి నిలబడ్డ మనిషికి నాలుగు వైపుల అరుపులూ ఒకేసారి వినిపిస్తాయి గానీ, కింద నిలబడి మెల్లగా పిలిచే ముసలమ్మ మాట వినిపించదు. దీపస్తంభం మీది రేడియో పరిస్థితి అదే. వీధిలో రెండు వైపులా ఉన్న ఇళ్ల రౌటర్లు, కార్డ్‌లెస్ ఫోన్లు, బ్లూటూత్ హెడ్‌సెట్లు అన్నీ దానికి వినిపిస్తాయి. యాంటెన్నాతో కలిపి దాని ప్రసార బలం 4 వాట్ల దాకా ఉండవచ్చు. లోపల సోఫాలో కూర్చున్న ల్యాప్‌టాప్ బలం అందులో చిన్న భాగం. దాని తెర మీద సిగ్నల్ గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. స్తంభం మాట ల్యాప్‌టాప్‌కు వినిపిస్తోంది, ల్యాప్‌టాప్ మాట స్తంభానికి వినిపించడం లేదు. గీతలు చూసి నగరమంతా కవరేజీ వచ్చిందని పటాలు గీసినవాళ్లు ఈ రెండో సగాన్ని లెక్కించలేదు. ఆ కాలపు పథకాలన్నిటిలోకీ అతి ఖరీదైన పొరపాటు ఇదే.

గోడలు కూడా సాయపడలేదు. కాలిఫోర్నియా ఇళ్లకు సిమెంటు పూత నిలవడానికి లోపల ఇనుప వల పరుస్తారు. అది రేడియోను అడ్డుకుంటుంది. చివరికి ఇళ్లలో వాడాలంటే కిటికీ దగ్గర ప్రత్యేకంగా ఒక బలమైన పరికరం పెట్టుకోవాలని కంపెనీలు చెప్పాల్సి వచ్చింది.

మైక్రోవేవ్ ఓవెన్ సంగతి వేరు. ఇంటి ఓవెన్‌లో మైక్రోవేవ్‌లను పుట్టించే మాగ్నెట్రాన్, కరెంటు తరంగంలో సగం సేపే పనిచేస్తుంది. అమెరికాలో 60 హెర్ట్జ్ కరెంటు కాబట్టి సుమారు 8 మిల్లీసెకన్లు రొద, మరో 8 మిల్లీసెకన్లు నిశ్శబ్దం. మన దగ్గర 50 హెర్ట్జ్ కాబట్టి అది 10, 10. ఆ నిశ్శబ్దంలో దూరిపోగల చిన్న సమాచార ప్యాకెట్లు బతుకుతాయి, పెద్దవి చస్తాయి. ఇంజినీర్లు ఈ లయను కొలిచి, ప్యాకెట్ సైజు తగ్గించి నెట్టుకొచ్చారు. బ్లూటూత్‌కూ ఇలాంటి సర్దుబాటే జరిగింది. మొదట అది 79 ఛానెళ్లలో సెకనుకు 1600 సార్లు గుడ్డిగా దూకేది. 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి వైఫై ఉన్న ఛానెళ్లను గుర్తించి వదిలేయడం నేర్చుకుంది.

అలాగని పోయిన ప్రతి ప్యాకెట్‌కూ పక్కింటివాణ్ని తప్పుపట్టలేం. ఎంఐటీ విద్యార్థులు కేంబ్రిడ్జ్ ఊళ్లో ఇళ్ల పైకప్పుల మీద యాంటెన్నాలు పెట్టి రూఫ్‌నెట్ అనే మెష్ కట్టారు. 2004లో వాళ్లు కొలిచి చూస్తే, చాలా లింకులు పూర్తిగా పనిచేయడమో పూర్తిగా చచ్చిపోవడమో కాక, మధ్యస్థంగా కుంటుతూ కనిపించాయి. అందుకు ముఖ్య కారణం ఇతరుల రేడియోలు కాదని, గోడల మీద పడి తిరిగొచ్చే తమ సొంత సిగ్నలేనని వాళ్లు తేల్చారు. ఏది అంతరాయమో, ఏది ప్రతిధ్వనో కొలవకుండా పరికరం బలం పెంచుకుంటూ పోతే రొదే పెరుగుతుంది. కొలత ముందు, కొనుగోలు తర్వాత అన్న వరస చాలా నగరాల్లో తలకిందులైంది.

2007 వచ్చేసరికి లెక్కలు బయటపడ్డాయి. ముందు అనుకున్నదాని కంటే చదరపు మైలుకు ఎక్కువ రేడియోలు కావాల్సి వచ్చింది. చందాదారులు మాత్రం అనుకున్నంతమంది రాలేదు. తీగ ఇంటర్నెట్ ధర తగ్గింది, ఫోన్లలో 3జీ వచ్చింది. ఆ ఆగస్టులో ఎర్త్‌లింక్ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తప్పుకుంది. 2008లో ఫిలడెల్ఫియా నెట్‌వర్కునూ వదిలేసింది. దాని మీద పెట్టిన ఖర్చు సుమారు 1.7 కోట్ల డాలర్లు. 2009 డిసెంబరులో నగరమే దాన్ని 20 లక్షల డాలర్లకు కొనుక్కుంది, తన సిబ్బంది అవసరాల కోసం. అంతరాయమొక్కటే ఈ పతనానికి కారణం కాదు. కానీ ఖర్చు పెంచిందీ, వాడినవాళ్ల నమ్మకం పోగొట్టిందీ ముందు అదే.

టెక్సస్‌లోని కార్పస్ క్రిస్టీ దారి వేరు. అక్కడ నెట్‌వర్కు పుట్టింది నీటి, గ్యాసు మీటర్ల రీడింగ్ కోసం. ఒక మీటర్ రీడర్ మీద కుక్క దాడి చేయడంతో, మనిషి వెళ్లక్కర్లేని పద్ధతి గురించి నగరం ఆలోచించింది. మీటరు రోజుకు కాసిని అంకెలు పంపితే చాలు. ప్యాకెట్ పోతే కాసేపాగి మళ్లీ పంపవచ్చు. రొద ఉన్న పట్టీకి ఇంతకంటే తగిన పని లేదు. ఆ నెట్‌వర్కునూ ఎర్త్‌లింక్ కొని, తర్వాత వదిలేసింది. నగరం మళ్లీ తీసుకుంది.

మినియాపోలిస్ మరింత జాగ్రత్తపడింది. ఇళ్ల చందాల మీదే ఆధారపడకుండా, నగరమే ఏడాదికి కనీసం 12.5 లక్షల డాలర్ల పని ఇస్తానని పదేళ్ల ఒప్పందం రాసుకుంది. స్తంభం మీది పరికరంలో ఒకటికి మించి రేడియోలు పెట్టారు. జనానికి 2.4 గిగాహెర్ట్జ్, స్తంభాల మధ్య మాటలకు 5 గిగాహెర్ట్జ్ ప్రాంతం, పోలీసు, అగ్నిమాపక సిబ్బందికి లైసెన్సుతో వచ్చే 4.9 గిగాహెర్ట్జ్. ప్రాణాలకు సంబంధించిన మాటను ఉచిత పట్టీలోని గందరగోళానికి వదలకపోవడం ఇక్కడ గమనించాల్సిన వివేకం. 2007 ఆగస్టు 1న మిసిసిపీ నది మీది ఐ-35డబ్ల్యూ వంతెన కూలి 13 మంది చనిపోయారు. మొబైల్ నెట్‌వర్కులు కిక్కిరిసిపోయాయి. అప్పటికి సగం కట్టిన వైఫైని కంపెనీ అందరికీ తెరిచింది. సహాయక చర్యల్లో అది పనికొచ్చింది.

గూగుల్ తన సొంత ఊరు మౌంటెన్ వ్యూలో 2006 ఆగస్టులో ఉచిత వైఫై పెట్టింది. వందల దీపస్తంభాలు, అవే ట్రోపోస్ పరికరాలు. డబ్బుకు కొదవ లేదు, ఇంజినీర్లకు అంతకన్నా లేదు. అయినా ఏళ్లు గడిచేకొద్దీ వేగం పడిపోయింది. చుట్టూ వైఫై పరికరాలు పెరిగాయి, జనం వీడియోలు చూడటం మొదలుపెట్టారు, స్తంభం మీది పెట్టె మాత్రం పాతదే. 2014లో ఆ నెట్‌వర్కు ఆగిపోయింది.

ఇంతవరకూ భరించడం గురించి. షరతులోని మొదటి భాగం, అంటే ఇతరులకు హాని చేయకూడదన్నది, ఎంత తీవ్రమైనదో తెలిసింది ప్యూర్టోరికోలోని శాన్ హువాన్‌లో.

1985 ఆగస్టు 2న, ఎఫ్‌సీసీ ఉచిత పట్టీలు ప్రకటించిన మూడు నెలలకు, డెల్టా 191 విమానం డాలస్ విమానాశ్రయంలో దిగుతూ కూలిపోయింది. 137 మంది మరణించారు. ఉరుము మేఘం కింద ఒక్కసారిగా నేలకు దిగే గాలి, మైక్రోబర్స్ట్, దాన్ని పడగొట్టింది. ఇలాంటి ప్రమాదాల తర్వాత అమెరికా పెద్ద విమానాశ్రయాల దగ్గర ఆ గాలిని కనిపెట్టే ప్రత్యేక డాప్లర్ రాడార్లు పెట్టింది. అవి 5600–5650 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. తర్వాత 5 గిగాహెర్ట్జ్ వైఫైకి తెరిచిన పట్టీల్లో ఒకటి ఆ చోటును దాటుకుంటూ పోతుంది. వైఫై పరికరం ముందు విని, రాడార్ ఉంటే తప్పుకోవాలన్న నియమం పెట్టి తెరిచారు.

2009లో శాన్ హువాన్ రాడార్ తెర మీద వాన లేని దిక్కుల్లో పొడుగాటి చీలికలు కనిపించసాగాయి. రాడార్ గుండ్రంగా తిరుగుతూ ఒక ప్రసారం వైపు చూసినప్పుడల్లా, కేంద్రం నుంచి అంచు దాకా ఒక త్రికోణం నిండిపోతుంది. ఆ దిక్కున నిజంగా మబ్బుందో లేదో ఇక తెలియదు. విమానయాన శాఖ, ఎఫ్‌సీసీ ఇంజినీర్లు, ప్రభుత్వ టెలికాం ప్రయోగశాల వాళ్లు ఆ చీలికల దిక్కు పట్టుకుని వెతికారు. ఎత్తైన భవనాల మీద ఇంటర్నెట్ అందించే కంపెనీలు పెట్టిన రేడియోలు దొరికాయి. కొన్నిట్లో రాడార్‌ను వినే ఏర్పాటు ఆపేసి ఉంది, కొన్ని ఆ పట్టీలో ఉండకూడనివి, కొన్నిట్లో ఆ ఏర్పాటే సరిగా పనిచేయలేదు. ఎఫ్‌సీసీ జరిమానాలు వేసింది. 2010లో ఆపరేటర్ల సంఘం ఒక స్వచ్ఛంద జాబితా మొదలుపెట్టింది. రాడార్‌కు 35 కిలోమీటర్ల లోపల బయట రేడియో పెట్టేవాళ్లు అందులో నమోదు చేసుకోవాలి, రాడార్ ఫ్రీక్వెన్సీకి కనీసం 30 మెగాహెర్ట్జ్ దూరంగా ఉండాలి. ఎవరి రేడియో ఎక్కడుందో రాసిపెట్టుకోవడమన్న మామూలు పని అప్పుడు గానీ మొదలుకాలేదు.

మన మచిలీపట్నం, విశాఖ వాతావరణ రాడార్లు ఎస్ బ్యాండ్ అనే వేరే పట్టీవి. వైఫై పట్టీల్లో అవి లేవు. తుపానుల తీరానికి ఇది నిజంగా ఊరట.

చైనాలో శాన్ హువాన్‌కు ఉల్టాగా జరిగింది. 2012 నవంబరులో షెన్‌జెన్ మెట్రోలో రెండు లైన్ల రైళ్లు పదే పదే ఉన్నట్టుండి ఆగిపోయాయి. వాటి సిగ్నలింగ్ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉంది. ప్రయాణికుల జేబుల్లో 3జీ నుంచి వైఫై చేసి ఇచ్చే చిన్న రౌటర్లున్నాయి. వాటి గోలలో రైలుకూ కంట్రోలుకూ మధ్య సంబంధం తెగింది, తెగితే బ్రేకు పడేలా కట్టారు కాబట్టి రైలు ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ తప్పు ప్రయాణికుడిది కాదు. ఉచిత పట్టీలో ఆ రౌటర్‌కు ఎంత హక్కుందో రైలుకూ అంతే ఉంది. ఆ తర్వాత చైనా మెట్రోల కోసం 1.8 గిగాహెర్ట్జ్ దగ్గర ప్రత్యేకమైన పట్టీ కేటాయించారు.

అంతరాయం పేరు చెప్పి పెత్తనం చేయబోయినవాళ్లూ ఉన్నారు. బోస్టన్ లోగన్ విమానాశ్రయ యాజమాన్యం, కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ తన లాంజ్‌లో పెట్టుకున్న వైఫైని తీసేయమంది. 2006 నవంబరులో ఎఫ్‌సీసీ ఎయిర్‌లైన్స్ పక్షాన తీర్పు చెప్పింది. నాష్‌విల్‌లో మారియట్ నడిపే ఒక హోటల్ సమావేశ ప్రాంగణంలో సందర్శకుల సొంత హాట్‌స్పాట్లను ఉద్దేశపూర్వకంగా తెంపేసింది. తన వైఫైకి మాత్రం ఒక్కో పరికరానికి 250 నుంచి 1000 డాలర్లు వసూలు చేసింది. 2014లో 6 లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. ఉచిత పట్టీలో రద్దీ తగ్గించడానికి పొరుగువాడి నోరు నొక్కే హక్కు ఎవరికీ లేదని ఈ రెండు కేసులూ తేల్చాయి.

భారతదేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ 2005 జనవరిలో ఆరుబయట కూడా లైసెన్సు లేకుండా వాడుకునేలా తెరుచుకుంది. పరిమితి 4 వాట్లు. ఇక్కడి షరతు కూడా అదే: అంతరాయం కలిగించకూడదు, రక్షణ అడగకూడదు, పంచుకోవాలి. మన దగ్గర మొదట దాన్ని గట్టిగా వాడుకున్నది నగరాలు కాదు, పల్లెలు. ఐఐటీ కాన్పూర్ వాళ్లు గంగా మైదానంలో పదుల కిలోమీటర్ల దూరానికి వైఫై పంపారు. పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరం చుట్టూ బైర్రాజు ఫౌండేషన్ అశ్విని పథకం కింద ఎత్తైన టవర్ల మీద యాంటెన్నాలు ఎక్కించి, గ్రామాలకు వీడియోలో పాఠాలు, వైద్యుల సలహాలు అందించింది. ఇంటి లోపల వంద అడుగుల కోసం పుట్టిన పరికరాలే అవి. వరిచేల మీదుగా ఊరి నుంచి ఊరికి మాట మోశాయి.

అక్కడ ఒక సమస్య వచ్చింది. ఒకే టవర్ మీద రెండు మూడు దిక్కులకు యాంటెన్నాలుంటే, ఒకటి పంపుతుండగా పక్కది వినలేదు. దగ్గరి ప్రసారం దూరం నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ను ముంచేస్తుంది. మామూలు వైఫై అయితే ఒకటి మాట్లాడుతున్నంతసేపూ మిగతావి ఆగుతాయి. ఐఐటీ కాన్పూర్‌లో భాస్కరన్ రామన్, చెబ్రోలు కామేశ్వరి 2005లో దీనికి 2పీ అనే పరిష్కారం చూపించారు. టవర్ మీది యాంటెన్నాలన్నీ ఒకేసారి పంపుతాయి, తర్వాత అన్నీ ఒకేసారి వింటాయి. పొరుగు టవర్లు దీనికి ఎదురు వంతులో ఉంటాయి. ఒకే ఛానెల్ చాలు. కొత్త చిప్ అక్కర్లేదు, కార్డు నడిపే సాఫ్ట్‌వేర్ మార్చితే సరిపోతుంది. ఏ టవర్ ఏ వంతులో ఉండాలో ముందే తేలాలి కాబట్టి, ఊళ్లను ఎలా కలపాలో కాగితం మీద గీసుకున్నాకే టవర్ ఎక్కాలి. పెద్ద నగరాలు పెద్ద బడ్జెట్లతో చేయని పని ఇది. మరో కొలతలో ఇదే బృందం ఇంకో సంగతి గమనించింది. బయటి వైఫై లేని చోట ఈ లింకులు సిగ్నల్ బలాన్ని బట్టి లెక్క ప్రకారం పనిచేశాయి. పట్నం అంచుకు వచ్చేసరికి, బయటి వైఫై తగిలిన చోట ఆ లెక్క తప్పింది.

మన నగరాల వంతు 2014 నుంచి వచ్చింది. ఆ జనవరిలో బెంగళూరు ఎంజీ రోడ్డులో, అదే ఏడాది హైదరాబాద్ హైటెక్ సిటీ ప్రాంతంలో పబ్లిక్ వైఫై మొదలైంది. 2016 ఏప్రిల్‌లో విజయవాడ, విశాఖపట్నం, కాచిగూడ రైల్వే స్టేషన్లకు రైల్‌టెల్, గూగుల్ కలిసి వైఫై తెచ్చాయి. స్టేషన్ వైఫై ఊరి వైఫై కంటే నమ్మకంగా నడవడానికి కారణం కనిపిస్తూనే ఉంది. రైలు పట్టాల వెంట రైల్‌టెల్ ఫైబర్ ఉంది, ప్లాట్‌ఫారం ఒకే యాజమాన్యం కింద ఉంది, ఏ యాక్సెస్ పాయింట్ ఏ ఛానెల్‌లో ఉండాలో ఒకరే నిర్ణయించగలరు. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 605 మెగాహెర్ట్జ్ ఆరుబయట వాడకానికీ తెరుచుకుంది. 2.4లో ఉన్న 83.5తో పోలిస్తే ఏడు రెట్లకు పైగా చోటు. 2017 చివర్లో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ, గూగుల్ ఎక్స్‌తో రెండు వేల కాంతి లింకులకు ఒప్పందం చేసుకుంది. కాంతి సన్నని గీతగా పోతుంది, పక్క లింకుతో తగాదా ఉండదు. దానికి మంచు, పొగ అడ్డు.

విదేశీ నగరాలూ ఈలోగా పాఠం మార్చుకున్నాయి. న్యూయార్క్ 2016లో పాత పే ఫోన్ల చోట లింక్ఎన్‌వైసీ కియోస్కులు నిలబెట్టింది. ప్రతి దానికీ కింద నుంచి ఫైబర్ వస్తుంది. కియోస్కు నుంచి కియోస్కుకు గాలిలో అంగలు వేయనక్కర్లేదు, గాలిలో పోయేది చివరి కొన్ని అడుగులే. వైఫై 6 ప్రమాణంలో ఒక్కో యాక్సెస్ పాయింట్ తన మాటకు ఒక రంగు సంఖ్య తగిలిస్తుంది. దూరపు పొరుగు రంగు సన్నగా వినిపిస్తే, దాని కోసం ఆగకుండా తన పని చేసుకోవచ్చు. మన దేశంలో 2020 డిసెంబరులో మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి పథకం కిరాణా కొట్టునూ టీ బంకునూ హాట్‌స్పాట్‌గా మార్చుకోనిస్తుంది, కొట్టువాడికి లైసెన్సు అక్కర్లేదు. తక్కువ బలం, నేల మీది రౌటర్, వెనక తీగ. ఫిలడెల్ఫియా స్తంభాలు పడ్డ చాలా తిప్పలు దీనికి పుట్టుకతోనే లేవు. అయితే ఒకే బజారులో పది కొట్లు పెడితే 1, 6, 11 ఎవరెవరు తీసుకోవాలో చెప్పేవాడొకడు ఉండాలి. ఆ బాధ్యత మున్సిపాలిటీలు తీసుకుంటే బాగుంటుంది.

2020 ఏప్రిల్‌లో ఎఫ్‌సీసీ 6 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 1200 మెగాహెర్ట్జ్ తెరిచింది. అక్కడ ముందు నుంచీ మైక్రోవేవ్ లింకులున్నాయి, వాటిలో కరెంటు సంస్థలవి, పోలీసువి ఉన్నాయి. రాడార్ల విషయంలో లాగా కాకుండా, ఈసారి జాబితాను ఎవరి ఇష్టానికీ వదల్లేదు. ఎక్కువ బలంతో ఆరుబయట పనిచేసే రేడియో తను ఎక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో ఏఎఫ్‌సీ అనే వ్యవస్థకు చెప్పాలి. ఆ వ్యవస్థ చుట్టూ ఉన్న లింకుల లెక్క చూసి, ఏ ఛానెల్లో ఎంత బలం వాడుకోవచ్చో జవాబిస్తుంది. 2024 ఫిబ్రవరిలో అలాంటి ఏడు వ్యవస్థలకు అనుమతి దొరికింది. రేడియో రోజుకోసారి మళ్లీ అడగాలి. ఒక రోజు అడగలేకపోతే మర్నాడు రాత్రి 11:59 దాకా గడువుంటుంది. ఆ తర్వాత జవాబు దొరికేదాకా ప్రసారం ఆపేయాల్సిందే.